కృష్ణా డెల్టా ఇళ్ళకు స్ప్లిట్ ఏసీ: ఎంపిక, బిగింపు

ఉయ్యూరు ప్రాంతంలో ఏసీ రెండు వేసవులను తట్టుకోవాలి. మొదటిది ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్ళేదాకా ఉండే ఎండాకాలం. పడమటి నుంచి వడగాలి వీస్తుంది, విజయవాడలో పగటి ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది, గాలి పొడిగా ఉంటుంది. రెండోది మృగశిర ప్రవేశించాక మొదలై అక్టోబరు దాకా సాగే ఉక్కపోత. అప్పుడు ఎండ 33, 34 డిగ్రీల దగ్గరే ఆగినా మచిలీపట్నం వైపు నుంచి వచ్చే సముద్రపు గాలీ, నిండుగా పారే కాలవలూ, నీళ్ళు నిలిచిన వరిచేలూ కలిసి గాలిని తడితో నింపేస్తాయి. ఒంటి మీద చెమట ఆరదు. ఏసీ కొనేవాళ్ళు మొదటి వేసవిని తలుచుకుని కొంటారు, ఎక్కువ రోజులు వాడేది మాత్రం రెండోదానిలో. ఎన్ని టన్నులు, ఎన్ని స్టార్లు, ఎక్కడ బిగించాలి అన్న ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఈ తేడాలోనే ఉంది.

ఎయిర్ కూలర్ ఇక్కడ ఎందుకు సగం కాలమే పనికొస్తుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని లాక్కుంటుంది కాబట్టి మే నెల పొడిగాలిలో కూలర్ హాయిగా ఉంటుంది. జూలైలో గాలి అప్పటికే తడిగా ఉంటుంది, కూలర్ ఆ తడిని ఇంకా పెంచుతుంది. ఏసీ చేసే పని దీనికి పూర్తిగా వేరు. ఇండోర్ యూనిట్‌లోని చల్లటి కాయిల్‌ను తాకిన గాలి వేడినీ వదులుతుంది, తేమనూ వదులుతుంది. ఆ తేమే డ్రెయిన్ పైపులోంచి బొట్లుబొట్లుగా కారుతుంది. 1902లో విల్లిస్ కారియర్ న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయం కోసం తొలి ఆధునిక ఏసీని రూపొందించింది మనుషుల సుఖం కోసం కాదు, కాగితం తేమకు సాగకుండా, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా చూడడం కోసం. తేమ తీయడం ఏసీకి పుట్టుకతో వచ్చిన పని. డెల్టాలో దాన్ని కొనేటప్పుడు మొదట అడగాల్సిందీ ఆ సంగతే.

స్ప్లిట్ ఏసీ అంటే వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసే యంత్రం. గదిలోని కాయిల్‌లో గ్యాస్ ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది. బయటి యూనిట్‌లోని కంప్రెసర్ దాన్ని నొక్కి మరింత వేడెక్కిస్తుంది. అక్కడి కాయిల్, ఫ్యాను ఆ వేడిని వీధిలోకి వదిలేస్తాయి. అందుకే ఒక యూనిట్ కరెంటుతో మూడు నాలుగు యూనిట్ల వేడిని బయటికి పంపడం సాధ్యమవుతుంది. గ్యాస్ దారిని ఒక వాల్వుతో తిప్పితే ఇదే యంత్రం బయటి వేడిని లోపలికి తెస్తుంది. చలిదేశాల్లో హీట్ పంప్ అనేది, మన దుకాణాల్లో హాట్ అండ్ కోల్డ్ ఏసీ అనేది దాన్నే. విజయవాడ చుట్టుపక్కల జనవరి తెల్లవారుజామున కూడా సాధారణంగా దుప్పటి సరిపోతుంది గనక ఉయ్యూరులో దానికోసం అదనంగా డబ్బు పెట్టడం వృథా. లంబసింగి, అరకు వైపు ఇల్లు ఉన్నవాళ్ళకైతే అర్థముంది.

ఎంపికలో అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది టన్నుల దగ్గర. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు, అంటే 3.5 కిలోవాట్ల వేడిని తీసేయగల శక్తి. ఆ అంకె బయట 35 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. బయట 45 ఉన్నప్పుడు అదే యంత్రం పదిశాతమో ఇంకాస్త ఎక్కువో తక్కువ చల్లబరుస్తుంది. వంద నూట ఇరవై చదరపు అడుగులకు ఒక టన్ను అనే దుకాణపు లెక్క కొన్ని ఇళ్ళకు సరిపోయి, కొన్ని ఇళ్ళకు బొత్తిగా తప్పుతుంది. గది వైశాల్యం కంటే పైన ఏముంది, పడమటి గోడ ఎండకు ఎంతసేపు ఉంటుంది అన్నవి ఎక్కువ లెక్కలోకి వస్తాయి.

డాబా కింద ఉన్న పడకగదిని ఉదాహరణగా తీసుకోవచ్చు. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, పొడవాటి గోడ పడమటికి. పైన ఏ కప్పూ లేని కాంక్రీటు శ్లాబు. మే నెల సాయంత్రం ఆ శ్లాబు ఒక్కటే గదిలోకి సుమారు 1,300 వాట్ల వేడిని దింపుతుంది. తొమ్మిదంగుళాల పడమటి ఇటుక గోడ 400, మిగతా గోడలు కలిసి 500, నాలుగడుగుల కిటికీ 300, పడుకునే ముగ్గురు మనుషులు 400, ఫ్యాను, లైటు, టీవీ 150, తలుపు సందుల్లోంచి వచ్చే బయటి గాలి, దాని తేమ 350. మొత్తం 3,400 వాట్లు. కాగితం మీద ఒక టన్ను సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ 45 డిగ్రీల రోజున ఆ టన్ను నుంచి 3,000, 3,100 వాట్లే వస్తాయి. కాబట్టి ఈ గదికి ఒక టన్ను చాలదు, ఒకటిన్నర టన్ను కావాలి. ఇదే గది కింది అంతస్తులో ఉంటే శ్లాబు లెక్క దాదాపు మాయమవుతుంది, అప్పుడు ఒక టన్నుకే కొంత మిగులుతుంది.

ఈ లెక్కలో పెద్ద అంకె శ్లాబుది. ఏసీ కొనకముందే దాన్ని తగ్గించుకోవడం తెలివైన పని. డాబా మీద తెల్ల సున్నమో, ఎండను వెనక్కి తిప్పే తెల్ల పెయింటో వేస్తే ఆ 1,300లో సుమారు 500 తగ్గవచ్చు, ఉదాహరణలోని గదికి ఒక టన్నే సరిపోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా ఒక కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. కాంక్రీటు పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కిందికి వదులుతూనే ఉంటుంది, సరిగ్గా జనం పడుకునే వేళ అది. పై అంతస్తువాళ్ళు ఏసీ పనిచేయడం లేదని ఫిర్యాదు చేసే సందర్భాల్లో చాలాసార్లు యంత్రంలో లోపమేమీ ఉండదు, అది శ్లాబుతో పోరాడుతూ ఉంటుంది.

చాలకపోతే కష్టం అని కొందరు రెండు టన్నులు బిగిస్తారు. డెల్టాలో దీనివల్ల నష్టమే. అవసరానికి మించిన యంత్రం గదిని పది నిమిషాల్లో చల్లబరిచి కంప్రెసర్‌ను ఆపేస్తుంది. కాయిల్ మీద చేరిన నీరు కిందికి జారేలోపే ఫ్యాను గాలికి మళ్ళీ ఆవిరై గదిలోకే వస్తుంది. థర్మామీటరు 24 చూపిస్తుంది, దుప్పటి మాత్రం చెమ్మగా తగులుతుంది. జూలై, ఆగస్టు రాత్రుల్లో ఈ బాధ బాగా తెలుస్తుంది. తేమ పోవాలంటే కంప్రెసర్ తక్కువ వేగంతో, ఎక్కువసేపు, ఆగకుండా నడవాలి.

ఇన్వర్టర్ ఏసీ విలువ ఇక్కడే. ఇంటికి వాడే ఇన్వర్టర్ ఏసీని తోషిబా 1981లో మార్కెట్లోకి తెచ్చింది. పాత రకం కంప్రెసర్ పూర్తి వేగంతో నడుస్తుంది లేదా పూర్తిగా ఆగుతుంది. ఇన్వర్టర్ మోటారు వేగాన్ని అవసరం మేరకు పెంచుతుంది, తగ్గిస్తుంది. ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ రాత్రి రెండింటికి అర టన్ను పనికి దిగిపోతుంది. అయితే అతి తక్కువ వేగంలో కాయిల్ అంత చల్లగా ఉండదు గనక తేమ తీయడం కూడా తగ్గుతుంది. వానాకాలంలో ఫ్యాను వేగం తగ్గించి, డ్రై మోడ్ పెట్టి వాడమనేది అందుకే. కొనేముందు యంత్రం గరిష్ఠంగా ఎంత ఇస్తుందో చెప్పే అంకెతోపాటు కనిష్ఠంగా ఎంతకు దిగగలదో చెప్పే అంకెను కూడా అడగాలి. అది వివరాల పత్రంలో ఉంటుంది, అమ్మేవాళ్ళు చాలామంది దాన్ని చూడరు.

స్టార్ల లెక్క బీఈఈది, అంటే 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2002లో ఏర్పడిన కేంద్ర సంస్థది. 2018 నుంచి స్టార్లకు ఆధారం ఐసీర్ అనే అంకె: బయట 24 నుంచి 43 డిగ్రీల దాకా మారే వాతావరణంలో ఏటా 1,600 గంటలు నడిస్తే ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని యూనిట్ల చల్లదనం వస్తుందన్నది అది చెబుతుంది. 2022 జూలై పట్టికలో ఐదు స్టార్లకు ఐసీర్ కనీసం 5.0 ఉండాల్సి వచ్చేది, మూడు స్టార్లకు 3.8. ఈ పట్టికను బీఈఈ కొన్నేళ్ళకోసారి కఠినం చేస్తుంది. నిరుటి ఐదు స్టార్లు కొత్త పట్టికలో నాలుగే కావచ్చు. కాబట్టి స్టార్లు లెక్కపెట్టడం కాకుండా లేబుల్ మీద ఉన్న ఐసీర్‌ను, ఏటా ఖర్చయ్యే యూనిట్లను, లేబుల్ చెల్లుబాటయ్యే కాలాన్ని చదవాలి.

డబ్బు లెక్క అంత కష్టమైనదేమీ కాదు. ఒకటిన్నర టన్నులో ఐదు స్టార్ల యంత్రం 1,600 గంటలకు 760 యూనిట్లు తీసుకుంటే, అదే పనికి మూడు స్టార్లది వెయ్యి తీసుకుంటుంది. ఇక్కడి కుటుంబం మార్చి నుంచి అక్టోబరు దాకా రాత్రికి ఎనిమిది గంటలు వాడితే గంటలు 1,900 దాటుతాయి, తేడా 280 యూనిట్లకు పైనే. అది ఏ ధరకు పడుతుందన్నది టారిఫ్ శ్లాబులను బట్టి ఉంటుంది. 2022-23లో వచ్చిన గృహ వినియోగ టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల మధ్య యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8 రూపాయల 75 పైసలు, ఆపైన 9 రూపాయల 75 పైసలు. ఏసీ లేకుండా నెలకు 180 యూనిట్లు వాడే ఇంటికి ఏసీ మరో 150 చేర్చిందనుకుంటే, అందులో 45 యూనిట్లు ఆరు రూపాయల లెక్కన, 105 యూనిట్లు 8.75 లెక్కన పడతాయి. ఏసీ బిల్లు ఒక్కటే నెలకు సుమారు 1,190 రూపాయలు, ఇతర చార్జీలు కాకుండా. ఏసీ తీసుకునే ప్రతి యూనిటూ పై శ్లాబుల్లోనే పడుతుంది గనక తగ్గించే ప్రతి యూనిటుకూ విలువ ఎక్కువ. రోజూ రాత్రంతా వాడే పడకగదికి ఐదు స్టార్లు నాలుగైదేళ్ళలో అదనపు ధరను తిరిగి ఇస్తాయి. పండక్కి పిల్లలు వచ్చినప్పుడే వాడే గదికి మూడు స్టార్లు చాలు.

గ్యాస్ సంగతి. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బతీసేది, మాంట్రియల్ ఒప్పందం ప్రకారం భారతదేశం దాన్ని 2030 నాటికి వదిలించుకోవాలి. తర్వాత వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌ను ముట్టదు గానీ భూతాపాన్ని పెంచడంలో కార్బన్ డయాక్సైడ్‌కు రెండు వేల రెట్లకు పైన. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా ఉన్న ఆర్-32 విషయంలో ఆ అంకె 675. గోద్రెజ్ 2012లో ఆర్-290 వాడే ఏసీలు అమ్మడం మొదలుపెట్టింది. అది శుద్ధి చేసిన ప్రొపేన్, భూతాపం లెక్కలో అన్నిటికంటే మేలు, కానీ బాగా మండుతుంది. ఆర్-32 కూడా కొద్దిగా మండే స్వభావం ఉన్నదే. ఆ తీరు తెలియని మెకానిక్ చేతికి ఈ రెండింటినీ ఇవ్వకూడదు.

బ్రాండ్ల గురించి జనం చేసే చర్చకు అంత విలువ లేదు. తిరుపతి జిల్లా శ్రీసిటీ గత కొన్నేళ్ళలో ఏసీల తయారీ కేంద్రంగా మారింది, డైకిన్, బ్లూ స్టార్, లాయిడ్ కర్మాగారాలు అక్కడ ఉన్నాయి, ఎల్జీ 2025లో శంకుస్థాపన చేసింది. మంచి కంపెనీల యంత్రాల మధ్య తేడా తక్కువ. ఉయ్యూరులో గానీ, కనీసం విజయవాడలో గానీ ఆ కంపెనీ సర్వీసు మనిషి మే నెలలో రెండు రోజుల్లో వస్తాడా, పీసీబీ, అంటే లోపలి సర్క్యూట్ బోర్డు, పోతే దొరుకుతుందా అన్నదే పెద్ద తేడా. కాయిల్ రాగిదై ఉండాలి, దాని మీద తుప్పు పట్టని పూత ఉండాలి. బందరు వైపు వెళ్ళేకొద్దీ ఉప్పుగాలి, చుట్టూ చేపల చెరువులు, పశువుల పాకల నుంచి వచ్చే అమ్మోనియా, చెరకు పిప్పి మండే బాయిలర్ల మసి, ఇవన్నీ సన్నటి రేకులను తినేస్తాయి. పల్లెల్లో వోల్టేజి 180కి దిగడం, మళ్ళీ ఎగిరిపడడం ఉన్నచోట స్టెబిలైజర్ పెట్టుకోవడం మేలు. యంత్రం మీద స్టెబిలైజర్ అక్కర్లేదని రాసి ఉంటే అది ఎంత వోల్టేజి నుంచి ఎంతవరకో చదివి, ఇంట్లో సాయంత్రం ఏడింటికి కొలిచిన వోల్టేజితో పోల్చి చూసుకోవాలి.

ఇక బిగింపు. యంత్రం ఎంతకాలం బతుకుతుందో ఎక్కువగా తేలేది బిగించే రోజునే. ఇక్కడ ఆ పని చేసేది కంపెనీ పంపే మెకానిక్, లేదా ఊళ్ళో పేరున్న మెకానిక్. ఐటీఐల్లో ఈ పనికి రెండేళ్ళ కోర్సు ఉంది. 2019లో కేంద్రం ప్రకటించిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్ష మంది సర్వీసు మెకానిక్‌లకు శిక్షణ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. అయినా మే నెలలో ఒకడే మనిషి రోజుకు నాలుగైదు ఇళ్ళు తిరుగుతాడు. తొందరలో వదిలేసేది ఏమిటో ఇంటివాళ్ళకు తెలిసి ఉండాలి. చోటు ఎంచడం, వైరింగ్ సిద్ధం చేయించడం, డ్రెయిన్ దారి నిర్ణయించడం, రంధ్రం ఎక్కడ పడాలో చెప్పడం ఇంటివాళ్ళు సొంతంగా చేసుకోదగ్గవి. కాస్త పని వచ్చినవాళ్ళు గోడకు ప్లేటు బిగించడం, స్టాండు పెట్టడం కూడా చేసుకోవచ్చు. గ్యాస్ గొట్టాల పని సాధనాలు, అలవాటు ఉన్నవాళ్ళదే. వారంటీ కూడా కంపెనీ ఒప్పుకున్న మనిషి చేసిన బిగింపు మీదే ఆధారపడుతుంది.

ఔట్‌డోర్ యూనిట్‌కు కావలసింది నీడ, గాలి, మనిషి చేరగలిగే చోటు. ఉత్తరం, తూర్పు గోడలు మంచివి. పడమటి గోడ తప్పదంటే పైన చిన్న పందిరి వేయాలి, కానీ ముందు వైపు మూసుకుపోకూడదు. వెనక కనీసం 15, 20 సెంటీమీటర్లు, ముందు ఒక మీటరు ఖాళీ కావాలి. విజయవాడ అపార్ట్‌మెంట్లలో నాలుగు వైపులా గోడలున్న సన్నటి సందులో ఒకదాని మీద ఒకటిగా ఆరేడు యూనిట్లు పెట్టడం మామూలైంది. కింది యూనిట్ వదిలిన వేడిగాలినే పై యూనిట్ పీల్చుకుంటుంది, మే నెలలో పై అంతస్తు ఏసీలు ట్రిప్ కావడానికి ఇది పెద్ద కారణం. డాబా మీద పెడితే అడుగు ఎత్తు స్టాండు వేయాలి, ఎండకు కాలిన శ్లాబు మీది గాలి చుట్టూ ఉన్న గాలి కంటే చాలా వేడి. నేల మీద పెట్టేవాళ్ళు 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగిన సంగతి మరవకూడదు. పల్లపు ప్రాంతంలో గోడకు ఛాతీ ఎత్తులో బిగించడమే క్షేమం. గోడకు పట్టే బోల్టులు ప్లాస్టరులో కాదు, ఇటుకలో దిగాలి. తుఫాను గాలికి ఊగిపోయేలా వదిలేసిన స్టాండు మనుషుల మీద పడుతుంది.

ఇండోర్ యూనిట్ నేలకు ఏడున్నర, ఎనిమిది అడుగుల ఎత్తులో, పైన శ్లాబుకు 15 సెంటీమీటర్ల ఎడంగా ఉండాలి. చల్లగాలి నేరుగా పడుకున్నవాళ్ళ మొహాన కొట్టకూడదు. మంచం పొడవునా పైనుంచి సాగిపోతే చాలు. అన్నిటికంటే ముఖ్యం, ఔట్‌డోర్ యూనిట్‌కు దగ్గరి గోడ దొరకడం. డబ్బాతో వచ్చే రాగి గొట్టం సాధారణంగా మూడు మీటర్లు. అది చాలకపోతే మీటరు లెక్కన కొనాలి, గొట్టం పెరిగేకొద్దీ చల్లదనం తగ్గుతుంది, గ్యాస్ అదనంగా ఎక్కించాల్సి రావచ్చు. మూడు మీటర్ల కంటే మరీ తగ్గించడం కూడా మంచిది కాదు, యంత్రం చప్పుడు గదిలోకి పాకుతుంది.

కరెంటు తీగ మీటరు పెట్టె నుంచి నేరుగా రావాలి, గదిలోని ప్లగ్గు లైనులోంచి లాగకూడదు. ఒకటిన్నర టన్నుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికంటూ ఒక 20 ఆంపియర్ల ఎంసీబీ, ఇంటికి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే నిశ్చింత. ఎర్తింగ్ లేని పాత ఇళ్ళలో న్యూట్రల్ తీగనే ఎర్త్ పిన్నుకు కలిపేసే అలవాటు ప్రాణాంతకం. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున ఔట్‌డోర్ యూనిట్ రేకంతా కరెంటుతో నిండుతుంది. గొయ్యి తీసి ఎర్త్ వేయించడానికి అయ్యే ఖర్చు ఏసీ ధరలో కొద్ది భాగమే. కరెంటు పంపిణీ చేసే ఏపీసీపీడీసీఎల్ దగ్గర నమోదైన లోడు ఒక కిలోవాటే అయితే ఏసీ పెట్టేముందు దాన్ని పెంచుకోవాలి.

గోడలో రంధ్రం రెండున్నర అంగుళాలది, కోర్ కట్టర్‌తో, బయటివైపుకు సెంటీమీటరు వాలుగా వేయాలి. ఆ వాలు లేకపోతే వాన నీరూ, డ్రెయిన్ నీరూ గదిలోకి వస్తాయి. పని అయ్యాక సందును పుట్టీతో గట్టిగా మూయాలి. బల్లులు, చీమలు, ఎలుక పిల్లలు అందులోంచే చేరతాయి. పీసీబీ మీద రెండు తీగల మధ్య అడ్డం పడి చచ్చిన బల్లి వేల రూపాయల బోర్డును కాల్చేయడం ఏసీ బాగుచేసే వాళ్ళందరికీ తెలిసిన సంగతే.

డ్రెయిన్ పైపు చిన్న విషయంలా కనిపించి ఎక్కువ ఫిర్యాదులు తెస్తుంది. వానాకాలపు రాత్రి ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు లీటరు దాకా నీరు తీస్తుంది, తెల్లవారేసరికి ఒక బకెట్ నిండుతుంది. పైపు ఎక్కడా పైకి లేవకుండా, వంపులు తిరగకుండా కిందికే సాగాలి. చివర నీళ్ళలో మునిగితే గాలి అడ్డుపడి నీరు వెనక్కి తన్ని గోడ మీద కారుతుంది. పైపులు బిగించాక ఇండోర్ యూనిట్ పళ్ళెంలో చెంబెడు నీళ్ళు పోసి అవి బయటికి రావడం కళ్ళతో చూడాలి. ఆ నీటిని మొక్కలకూ, ఇల్లు తుడవడానికీ వాడుకోవచ్చు. లవణాలు లేనివే అయినా కాయిల్ మీది దుమ్మూ, లోహమూ కలిసి ఉంటాయి కాబట్టి తాగడానికీ, ఇన్వర్టర్ బ్యాటరీకీ పనికిరావు.

రాగి గొట్టాల పని అసలైన నైపుణ్యం. గొట్టాన్ని రంపంతో కోయకూడదు, పైపు కట్టర్‌తో తిప్పుతూ కోయాలి. కోసిన చోట లోపలికి లేచిన పదునైన అంచును తీసేటప్పుడు గొట్టం మొన కిందికి ఉండాలి, లేకపోతే రాగి పొడి లోపలికి పోయి కంప్రెసర్‌కు చేరుతుంది. నట్టును ముందే గొట్టంలోకి దూర్చి, ఆ తర్వాత మొనను గరాటులా విప్పాలి. ఫ్లేరింగ్ అనేది ఇదే. విప్పిన అంచు అద్దంలా నున్నగా, చుట్టూ సమంగా ఉండాలి, చీలిక గానీ గీత గానీ కనిపిస్తే కోసి మళ్ళీ చేయాలి. నట్టును మొదట చేత్తో తిప్పి, తర్వాత రెండు స్పానర్లతో బిగించాలి. పావు అంగుళం నట్టుకు సుమారు 15 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళానికి 50 నుంచి 60. టార్క్ రెంచ్ తెచ్చే మెకానిక్ అరుదు. బలమంతా పెట్టి బిగిస్తే గట్టిగా ఉంటుందనుకుంటారు, నిజానికి అలా బిగించిన ఫ్లేర్ పలచబడి ఏడాదిలోపు పగులుతుంది. మే నెల మధ్యాహ్నం ఔట్‌డోర్ యూనిట్‌లో ఆర్-32 పీడనం 35 బార్ దాటుతుంది, లారీ టైరులో ఉండే పీడనానికి నాలుగు రెట్లకు పైనే. ఈ నట్లు ఆ గ్యాస్‌ను లీకు లేకుండా పదేళ్ళు పట్టి ఉంచాలి. రెండు గొట్టాలకూ విడివిడిగా ఫోమ్ తొడగాలి, ఒకే ఫోమ్‌లో రెండూ చుడితే చల్లదనం వృథా అవుతుంది.

తర్వాత నైట్రోజన్ నింపి లీకు చూడడం, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలిని లాగేయడం. తొందరలో ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ రెండే. వాటికి బదులుగా ఒక వాల్వు కొద్దిగా తెరిచి ఔట్‌డోర్ యూనిట్‌లోని గ్యాస్‌తోనే గొట్టంలోని గాలిని ఊదేస్తారు. అర నిమిషంలో పని అయిపోతుంది. గాలి పూర్తిగా పోదు, తేమ అసలే పోదు. కంప్రెసర్ నూనె తేమను ఇట్టే పీల్చుకుని ఆమ్లంగా మారుతుంది, రెండు మూడేళ్ళకు మోటారు చుట్టలు కాలిపోతాయి. పైగా మండే స్వభావం ఉన్న గ్యాస్‌ను ఇంటి గోడ పక్కన గాల్లోకి వదలడం మరో తప్పు. పంపు కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు నడవాలి. డిజిటల్ గేజీ ఉంటే 500 మైక్రాన్ల కిందికి దిగి, పంపు ఆపాక పది నిమిషాలు అక్కడే నిలబడాలి. లీకు పరీక్షకు ఆక్సిజన్ సిలిండరు ఎన్నడూ వాడకూడదు, నూనెతో కలిస్తే పేలుతుంది. వాక్యూమ్ పంపు తెస్తారా అని బిగింపు రోజు ఖాయం చేసుకునేటప్పుడే ఫోనులో అడిగేయాలి. తేమ నిండిన ఈ నేల మీద ఆ ఇరవై నిమిషాలను వదులుకోవడానికి ఏ కారణమూ సరిపోదు.

అన్నీ బిగించి వాల్వులు పూర్తిగా తెరిచాక యంత్రాన్ని పావుగంట నడిపి చూడాలి. గదిలోంచి యూనిట్ పీల్చే గాలికీ, వదిలే గాలికీ మధ్య 10 నుంచి 14 డిగ్రీల తేడా ఉండాలి, బాగా ఉక్కగా ఉన్న రోజున కాస్త తక్కువ వస్తుంది. ఫ్లేర్ నట్ల మీద సబ్బు నురుగు పూసి బుడగలు లేస్తున్నాయేమో చూడాలి. గొట్టం పొడవు కంపెనీ చెప్పిన హద్దు దాటితేనే అదనపు గ్యాస్, అది కూడా కాటా మీద గ్రాముల లెక్కన. గేజీ చూసి అందాజుగా ఎక్కించడం ఇన్వర్టర్ ఏసీలకు పనికిరాదు.

సొంతంగా బిగించుకునే పద్ధతి నిజంగా వేళ్ళూనుకున్నది అమెరికాలో. అక్కడ కూలీ ఖర్చు యంత్రం ధరను దాటిపోవడం మామూలు. అందుకే గొట్టాల్లో ముందే గ్యాస్ నింపి, మరతో కలిపితే చాలనేలా చేసిన కిట్లను మిస్టర్‌కూల్ లాంటి కంపెనీలు అమ్ముతున్నాయి, న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో సొంత ఇల్లు కొన్న తెలుగువాళ్ళకు గరాజ్‌కో, కింది గదికో ఇవి సరిపోతాయి. మామూలు గొట్టాలతో పనిచేయాలంటే అక్కడ చట్టం ప్రకారం సెక్షన్ 608 సర్టిఫికెట్ ఉండాలి. న్యూజెర్సీ చలికి అసలు ప్రశ్న ఎంత చల్లబరుస్తుందన్నది కాదు, సున్నాకు దిగువన 15 డిగ్రీల చలిలో ఎంత వేడి ఇస్తుందన్నది. 2025 నుంచి అక్కడి కొత్త యంత్రాల్లో ఆర్-410ఏ స్థానంలో ఆర్-32, ఆర్-454బీ వస్తున్నాయి. ముందే గ్యాస్ నింపిన గొట్టాన్ని మధ్యలో కోయడం కుదరదు, మిగిలిన పొడవును గోడ వెనక చుట్టగా దాచాల్సిందే. ఆ ఇబ్బంది ఒప్పుకున్నవాళ్ళకు అది మంచి దారి. మన దగ్గర బిగింపు కూలీ యంత్రం ధరతో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి ఆ రకం కిట్ల అవసరం అంతగా లేదు, దగ్గర నిలబడి పని చూసుకోవాల్సిన అవసరం ఉంది.

బిగించాక మిగిలేది వాడకం, శుభ్రం. 2020 నుంచి అమ్మే ఏసీలన్నీ మొదట ఆన్ చేసినప్పుడు 24 డిగ్రీలకు ఉండాలని నిబంధన. ప్రతి డిగ్రీ పెంపుకూ సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ లెక్క. 26, 27 దగ్గర పెట్టి సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిప్పితే డెల్టా రాత్రులకు చాలు. ఫిల్టర్లను పక్షానికోసారి కుళాయి కింద కడగాలి. ఉగాది లోపు ఔట్‌డోర్ కాయిల్‌ను నీళ్ళతో కడిగించాలి, రేకులు వంగకుండా నిలువుగా మాత్రమే కొట్టాలి. డ్రెయిన్‌లో పాచి చేరుతుంది, వానాకాలం ముందు ఒకసారి ఊదించి వదలాలి. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టంలో తిరుగుతూనే ఉంటుంది. ఏడాదికోసారి గ్యాస్ అయిపోయింది, ఎక్కించాలి అని ఎవరైనా చెబితే ఎక్కడో లీకు ఉందని అర్థం, సాధారణంగా ఫ్లేర్ నట్లలో ఒకదాని దగ్గర. లీకు వెతికి, మొన కోసి కొత్తగా ఫ్లేర్ చేసి, మళ్ళీ వాక్యూమ్ చేశాకే గ్యాస్ నింపించాలి.